చేతికి తైలం

రికార్డు ప్లేయరు చేతికి తైలం పోసే రసికుడు ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు గానీ, కార్వేటినగరంలో ఉంటేనే అతనికి శోభ. సారంగపాణి వేణుగోపాల ముద్రతో పదాలు కట్టిన ఊరది, గోవిందసామయ్య వర్ణాలు పుట్టిన ఊరది. అక్కడ పాట కోసం వచ్చి కూర్చున్నవాళ్లకు అతను ముందు సిలికాన్ తైలం సీసా చూపిస్తాడు. "ఏంనా, సుప్రభాతం పెడతావా లేదా?" అంటే, "ఉండు సామీ, ముందు చేయి కుదురుకోవాల" అంటాడు. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఆ ఇంట్లో సాయంత్రానికి గానీ మొదలు కాదు.

నవ్వేముందు న్యాయం చెప్పాలి: తైలం బూటకం కాదు. చేతికి బరువుంది, ముల్లును మోసే కార్ట్రిడ్జికి సాగే గుణముంది; రెండూ కలిస్తే ఏదో ఒక వేగం దగ్గర ఊగక తప్పదు. ఆ ఊపు సెకనుకు 8 నుంచి 12 సార్ల మధ్య పడితే క్షేమం. అంతకన్నా తగ్గితే వంకరపోయిన రికార్డు కుదుపులు దాన్ని రెచ్చగొడతాయి, 20 దగ్గరికి పోతే పాటలోనే వేలు పెడుతుంది. బరువైన చేతికి మరీ మెత్తటి కార్ట్రిడ్జి తగిలిస్తే ఊపు కిందికి దిగుతుంది. అప్పుడు ఇరుసు పక్కన చిన్న తొట్టెలో తైలం పోసి, చేతికి అమర్చిన రేకును అందులో ముంచుతారు. మెల్లగా లోపలికి జరిగే చేతిని తైలం పోనిస్తుంది, విసురుగా ఊగితే పట్టి ఆపుతుంది. ఇంగ్లండులో ఎస్‌ఎంఇ ఇలాంటి తొట్టెలు చేసింది. వెల్ టెంపర్డ్ వాళ్ల చేయి అయితే తైలంలో మునిగిన గోల్ఫ్ బంతి మీదే తిరుగుతుంది.

చిక్కల్లా మనవాడు ఊపు ఎంతో లెక్క చూడకుండానే సీసా మూత తీయడం. మొత్తం బరువు 20 గ్రాములు, సాగుడు అంకె 15 అయితే ఊపు 9 దగ్గర చక్కగా తేలుతుంది. దానికీ తైలం పోయడమంటే విరగని చేతికి పుత్తూరు కట్టు కట్టించుకోవడమే. కత్తిరి ఎండకు పలచబడిందని ఒక చుక్క పోస్తాడు, మార్గశిరంలో చిక్కబడిందని ఒక చుక్క తోడేస్తాడు. వేడికి మిగతా నూనెలంతగా మారదనే కదా సిలికాన్‌ను ఎంచుకున్నది! "పోస్తే పోయేదేముంది, జాగ్రత్తే కదా" అనొచ్చు. పోయేదుంది: తైలం ఎక్కువైతే రికార్డు వంకరలను చేయి అందుకోలేక వెనకబడుతుంది, ఆ భారం ముల్లు మీద పడుతుంది. "తేడా నా చెవికి తెలుస్తాంది" అంటాడు. తెలుస్తుంది, తైలం పోసిన పూటే ముల్లు తుడిచాడు, బరువు సరిచేశాడు, పీట మట్టం చూశాడు. వీటిలో పుణ్యం దేనిదో తేలాలంటే, అతను చూడకుండా ఇంకొకరు రేకును ముంచుతూ తీస్తూ ఉండాలి, అతను చెవితో చెప్పాలి. ఆ పరీక్షకు మాత్రం ఒప్పుకోడు. ఊగే చేతిని తైలం ఆపుతుంది. ఊరికే ఉండలేని చేతిని ఆపే తైలం ఇంకా ఎవరూ అమ్మడం లేదు.