స్టంటు బాబాయి

మా బాబాయి దగ్గర ఒక పాత బ్యాంకు డైరీ ఉంది. బెజవాడ సూర్యారావుపేట మొత్తం అందులో ఇమిడిపోయింది. ఏ సందులో ఏ గుండె డాక్టరు, ఫీజెంత, టోకెన్లు ఎన్నింటికిస్తారు, హస్తవాసి ఎలాంటిది, అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళు లెడ్జర్లు రాసిన చెయ్యి, రిటైరైనంత మాత్రాన ఊరుకుంటుందా? స్టెంటుని ఆయన ఏనాడూ స్టెంటు అనలేదు. "రెండు స్టంట్లు పడ్డాయటరా" అంటాడు, ఎవరో ఫైట్ మాస్టరు సంగతి చెబుతున్నట్టు. అందుకే రాఘవయ్య పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళంతా ఆయనకి స్టంటు బాబాయి అని పేరు పెట్టేశారు.

బెంచీ మీద ఎవరైనా ఛాతీ రుద్దుకుంటూ కనిపిస్తే చాలు, బాబాయి వెళ్ళి పక్కన కూలబడతాడు. "ఎడమ చెయ్యి లాగుతోందా? దవడో? మెట్లెక్కితే పట్టేసి, కాసేపు కూర్చుంటే తగ్గుతోందా? అయితే ఇవాళే చూపించుకో, రేపనకు." ఆపైన పాఠం మొదలు. "డి.ఎం. చేసినాయన మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి బ్లాకు తీస్తాడు. ఎం.సిహెచ్. చేసినాయన ఛాతీ తెరిచి బైపాస్ చేస్తాడు. ముందు మొదటాయన దగ్గరికెళ్ళాలి. ఏకంగా రెండో ఆయన దగ్గరికి పోవడమంటే, కుళాయి కారుతోందని గోడ పగలగొట్టేవాణ్ణి పిలవడమే." ఇంతవరకూ ఒప్పే. ఇక్కడితో ఆపేస్తే ఆయన మీద నేను రాయాల్సిందేమీ ఉండదు.

ఆపడు. డైరీ తీస్తాడు.

"ఈయన మంచోడే గానీ ఎప్పుడు చూసినా ఖాళీ. జనం లేని డాక్టరూ, జనం లేని హోటలూ ఒకటే." పేజీ తిప్పుతాడు. "ఈయన దగ్గర మరీ జనం, మొహం కూడా చూడడు." ఇంకో పేజీ. "ఈయన గుమ్మంలోనే యాంజియో రాసేస్తాడు. అదిగో ఈయన, అసలు యాంజియోనే రాయడు, ఏం చదివాడో ఏమో." మరొకాయన దగ్గర గొంతు తగ్గుతుంది. "మనవాడే. వాళ్ళావిడ తరఫున." చేసేవాడు మనవాడైతే బ్లాకు మొహమాటపడి తప్పుకుంటుందేమో, నాకు తెలీదు. డైరీ అట్టలో 2017 ఫిబ్రవరి నాటి పేపరు కటింగు ఒకటి లామినేషన్ చేయించి పెట్టాడు. లక్షకి పైనే పలికిన మందు పూత స్టెంటుని కేంద్రం 29,600 రూపాయలకి దించిన వార్త అది. గుడికి దేవుడి పటం లేకుండానైనా వెళ్తాడు గానీ, ఆస్పత్రికి ఆ కటింగు లేకుండా వెళ్ళడు.

ఇన్ని గళ్ళున్న ఆ డైరీలో ఒక్క గడి మాత్రం లేదు. అర్ధరాత్రి వెళ్తే అక్కడ ఎవరుంటారు, గొట్టం వేసే గది తెరిచుంటుందా అన్నది. ఒకసారి అడిగాను. "అర్ధరాత్రి ఎవడు పోతాడ్రా? పొద్దున్నే టోకెన్ తీసుకుని వెళ్ళాలి గానీ" అన్నాడు.

తన గుండె సంగతి వేరే ఖాతా. ఊళ్ళో అందరికీ వచ్చేది గుండెనొప్పి, బాబాయికి వచ్చేది గ్యాస్. పదిహేనేళ్ళుగా షుగరుంది. షుగరున్నవాళ్ళకి నొప్పి లేకుండా వట్టి చెమటతో, ఆయాసంతో కూడా గుండెపోటు రావచ్చని పార్కులో అందరికీ చెప్పింది ఆయనే. తను మాత్రం మూడేళ్ళ కిందటి ఈసీజీ కాగితం చూపించి "నార్మల్" అంటాడు. మూడేళ్ళ కిందటి కరెంటు బిల్లు చూపించి ఈ నెల బాకీ లేదన్నట్టు.

మొన్నొక ఆదివారం రాత్రి పెళ్ళి భోజనం చేసొచ్చాక ఆయనకి గ్యాస్ వచ్చింది. చొక్కా పిండుకునేంత చెమట. సోడా తాగాడు. వాము నమిలాడు. ఈనో కలుపుకున్నాడు. దవడ లాగుతుంటే "గారెలు గట్టిగా ఉన్నాయి" అన్నాడు. పిన్ని మరి ఆయన్ని ఏమీ అడగలేదు, 108కి ఫోన్ చేసింది. అంబులెన్సులో పడుకుని కూడా, డైరీ గుండెల మీద పెట్టుకుని "అటు వద్దయ్యా, ఇటు తిప్పు" అని దారి చెబుతూనే ఉన్నాడట. డ్రైవరు వినలేదు. రాత్రంతా గొట్టం వేసే మనుషులుండే చోటికే తీసుకెళ్ళాడు. వెళ్ళిన పది నిమిషాల్లో ఈసీజీ తీశారు, గంట తిరక్కుండా స్టంటు పడింది. వేసింది ముప్పై అయిదేళ్ళు దాటని అమ్మాయి. బల్ల మీద ఉండగానే "ఎక్కడ చదివావమ్మా, ఎవరి తాలూకు?" అని ఆరా తీశాడట. "కదలకండి తాతగారూ" అందట. ఆ తాతగారి మాట దగ్గర ఆయన ఇప్పటికీ ఛాతీ పట్టుకుంటాడు.

నాలుగో రోజు చూడ్డానికి వెళ్ళాను. బిల్లునీ కటింగునీ పక్కపక్కన పెట్టుకుని, అప్పటికీ ఇప్పటికీ ధర పెరిగిందని గొణుగుతున్నాడు. ఆయనకి కునుకు పట్టాక డైరీ తిరగేశాను. కొత్త పేజీ ఉంది. పేరు గడిలో "అడగాలి". ఫీజు గడిలో "తెలీదు". టోకెన్లు, "లేవు". ఆ పక్కన ఎర్ర పెన్నుతో, వణికే గీతలతో కొత్తగా గీసిన గడి ఒకటి. అందులో "ఆదివారం రాత్రి ఉంటుంది" అని రాసుంది.