నాలుకకు ఓటు లేదు

సూపర్‌మార్కెట్ టమాటాను తిట్టేవాళ్లంటే నాకు గిట్టదు. ఇంత క్రమశిక్షణ గల కూరగాయ మన దేశంలో ఇంకోటి లేదు. అన్నిటిదీ ఒకే సైజు, ఒకే రంగు, ఒకే నిగనిగ. ఫ్రిజ్‌లో పెట్టి ఊరెళ్లి, పెళ్లి చూసి, అప్పగింతలయ్యాక సత్యనారాయణ వ్రతం ప్రసాదం కూడా తిని తిరిగొచ్చినా పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. చారులో వేస్తే మాత్రం మొండికేస్తుంది. గుజ్జు కరగదు. తొక్క చుట్ట చుట్టుకుని పైన తేలుతుంది. కోసి చూస్తే మధ్యలో తెల్లటి గట్టి భాగం, అప్పుడప్పుడు లోపలే మొలకెత్తిన గింజలు. కాస్త చింతపండు పిసికితే గాని పులుపు తగలదు. అయినా టమాటా చారుకు టమాటా రుచి కావాలనడం గొంతెమ్మ కోరిక కదూ!

దాని తప్పేం లేదు పాపం. పరీక్షించినవాళ్లకు కావలసినట్టే తయారైంది. మదనపల్లె చుట్టుపక్కల రైతు దోరగా ఉన్నప్పుడే కోస్తాడు. పండనిచ్చి కోస్తే హైదరాబాద్ చేరేలోపు లారీలోనే పచ్చడవుతుంది. మార్కెట్ యార్డులో వ్యాపారి క్రేటులోంచి ఓ కాయ తీసి నొక్కుతాడు, తిప్పి చూస్తాడు, మళ్లీ అందులోనే పడేస్తాడు. కొరకడు. గ్రేడింగ్ యంత్రం ఉన్నచోట దాని కెమెరా రంగు, సైజు, మచ్చ చూస్తుంది. స్టోర్ మేనేజర్‌కు అరలో ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే లెక్క. ఈ వరుసలో నోరున్నవాళ్లు బోలెడుమంది, నోట్లో వేసుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఈ ఘనత మన ఒక్కరిదే అనుకోకండి. 1960లలో కాలిఫోర్నియాలో టమాటాలు కోసే యంత్రం వచ్చింది. మెక్సికో నుంచి కూలీలను రప్పించే పథకం 1964తో ముగిసింది, దాంతో యంత్రానికి గిరాకీ పెరిగింది. కానీ మామూలు కాయలు దాని దెబ్బకు చితికిపోతాయి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కోబీ లోరెంజెన్ యంత్రాన్ని తయారు చేస్తుంటే, జాక్ హానా దాని దెబ్బకు తట్టుకునే గట్టి కాయను తయారు చేశాడు. పిల్లకు తగ్గ వరుణ్ని వెతకడం మనకు తెలుసు, వాళ్లు యంత్రానికి తగ్గ కాయను వెతికారు. అది సాసుకు వెళ్లే పంటలెండి, మెత్తగా రుబ్బుతారు కాబట్టి దాని గట్టిదనం ఎవరి పంటికీ తగల్లేదు.

పచ్చిగా తినేదాని కథ ఇంకా రసవత్తరం, రసం ఒక్కటే తక్కువ. పాత రకాల కాయలకు తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ రంగు ఉండేది. కాయంతా సమానంగా ఎర్రబడితే చూపుకు బాగుంటుందని, ఆ పచ్చదనం లేని రకాలనే దశాబ్దాల తరబడి ఎంచుకుంటూ వచ్చారు. 2012లో ‘సైన్స్’ పత్రికలో శాస్త్రవేత్తలు అసలు సంగతి బయటపెట్టారు. ఆ పచ్చదనం తెచ్చే జన్యువే కాయలో చక్కెర పెరగడానికీ తోడ్పడుతుందట. పోగొట్టుకున్నది మచ్చ అనుకున్నాం, దాంతోపాటు తీపీ పోయింది. మిగిలిన కాస్త వాసన సంగతి కోల్డ్ రూమ్ చూసుకుంటుంది. బాగా చల్లటి నిల్వలో టమాటా వాసన చచ్చిపోతుందనీ, బయటపెట్టినా పూర్తిగా తిరిగి రాదనీ 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారు. మన ఫ్రిజ్‌లకు ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

రైతును ఏమీ అనకండి. డ్రిప్పు వేశాడు, మల్చింగ్ షీటు పరిచాడు, కర్రలు పాతి తీగె లాగాడు. ఇప్పుడు డ్రోనొచ్చి మందు కొట్టి పోతోంది. ఇంత చేసినా ఆయన చేతికొచ్చే డబ్బు కిలోల లెక్కనే, రుచికి పైసా కలవదు. 2023 జులైలో కిలో 150 దాటితే టీవీల్లో ఆయన కోటీశ్వరుడు. రూపాయి, రెండు రూపాయలకు పడిపోతే పత్తికొండ రోడ్డు మీద అవే కాయలు పారబోసేవాడు. అంత ఎత్తునుంచి పడ్డా కొన్ని చితకవు చూడండి, అదీ సాంకేతిక ప్రగతి! తన ఇంటి చారు కోసం దొడ్లో వేరుగా నాటు మొక్క పెంచుకునే రైతులు ఇంకా ఉన్నారు. మనకు తెలియనిదేదో వాళ్లకు తెలుసునేమో అనే అనుమానం నాకు లేకపోలేదు.

సూపర్‌మార్కెట్ వాళ్లు కూడా మన ఘోష ఆలకించారు. ఈమధ్య ఓ మూల వెదురుబుట్ట పెట్టారు. వంకరటింకరగా, గీతలు పడి, ఒకవైపు పచ్చగా ఉన్న నాటు టమాటాలు. మూడింతలు ధర, పైన ‘పాతకాలపు రుచి’ అని బోర్డు. ఉచితంగా ఉన్నదాన్ని తీసేసి, తర్వాత దానికే రేటు కట్టడం తెలిసిన విద్యే కాబట్టి నాకు ఆశ్చర్యం వేయలేదు. ఒకావిడ బుట్ట దగ్గర ఆగి బోర్డు పూర్తిగా చదివింది. ముచ్చటపడి ఒక కాయ తీసింది, బొటనవేలితో నొక్కింది.

‘‘ఏమండీ, ఇవి మెత్తబడిపోయాయి. పాతవేమో. అవతలి గట్టివి ఓ కిలో వేయించండి.’’