నేను మందు డబ్బాలో కాగితాన్ని

పురుగు మందు కొన్న ప్రతి రైతూ నన్ను ఒక్కసారైనా చూసే ఉంటాడు. అట్టపెట్టె మూత లాగగానే డబ్బా మెడకు ఆనుకుని, అరచేతిలో ఇమిడే మడతగా కనిపించే కాగితాన్ని నేను. విప్పితే మూరెడు దాకా సాగుతాను. రెండు వైపులా దేశంలోని ఎన్నో భాషలు కిక్కిరిసి ఉంటాయి. అందులో తెలుగుకు దక్కింది బెత్తెడు జాగా, చీమ తలకాయంత అక్షరాలు. ఆ బెత్తెడులోనే మందు అసలు పేరుంది, ఎంత నీటికి ఎంత కలపాలో ఉంది, ఒంటి మీద పడితే ఏం చెయ్యాలో, మనిషికి విషమెక్కితే ఏ లక్షణాలు కనిపిస్తాయో, డాక్టరు ఏ విరుగుడు ఇవ్వాలో ఉంది.

నేను ఊరికే పుట్టలేదు. 1958లో రవాణాలో పారథియాన్ అనే పురుగు మందు తగిలిన గోధుమపిండి తిని కేరళలో వంద మందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాత ఏళ్ల తరబడి చర్చ జరిగి 1968లో పురుగు మందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. ప్రతి ప్యాకింగులోనూ నాలాంటి కాగితం ఉండాలని రాసింది ఆ నిబంధనల్లోనే. మందు కొట్టేవాడికి రక్షణ దుస్తులు, ముక్కుకు రక్షణ, పనివాళ్లకు శిక్షణ ఇవ్వాలన్న మాటలూ అక్కడే ఉన్నాయి. డబ్బా మీద కోణంగా నిలబెట్టిన చతురస్రం గుర్తు కూడా అప్పటిదే. దాని కింది సగంలో రంగుంటుంది. ఎరుపైతే అతి తీవ్రమైన విషం, పసుపైతే తీవ్రమైనది, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే అన్నిట్లోకీ తక్కువ. తక్కువంటే లేదని కాదు. ఆకుపచ్చ కనపడితే ఆకుపసరు మందు కాబోలనుకుని చేత్తో కలిపేవాళ్లున్నారు, అందుకే చెబుతున్నా.

నేనున్నది ప్రొఫెనోఫాస్ డబ్బాలో. పసుపు రంగు.

మా వంశంలో పెద్దవాళ్లు ఈ నేల మీద చాలా చూశారు. సాగర్ కాలవలొచ్చాక గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పత్తికి పెట్టింది పేరైంది. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులొచ్చాయి. మొదట్లో పురుగు రాలిపోతుంటే రైతు మురిసిపోయాడు. తర్వాత పురుగు తట్టుకోవడం నేర్చుకుంది, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి, తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88 పంటకాలంలో అప్పులు తీర్చే దారి లేక ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు పురుగు మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ డబ్బాల్లోనూ నాలాంటి కాగితాలున్నాయి. మందు పురుగును చంపకపోతే ఏం చెయ్యాలో, అప్పు తీరకపోతే ఎవరినడగాలో మా మీద ఎవరూ అచ్చెయ్యలేదు. మనిషి ఒంటికి ఏమవుతుందో మాత్రం అచ్చేశారు, అదీ ఎవరూ చదవలేదు.

నన్ను పర్చూరు వైపు ఒక మందుల కొట్టుకు చేర్చారు. అరలో కూర్చున్న కాలంలో నేను విన్న మాటల్లో ఎక్కువ భాగం ఒక్కటే రకం. "అన్నా, కాయకు పురుగు పడింది, ఏం కొట్టమంటావ్?" "ఇది రెండు మూతలు, దానికి తోడు ఇంకోటి ఒక మూత. పొద్దున్నే కొట్టెయ్." కొట్టు యజమానిని చెడ్డవాడని నేననను. అప్పిచ్చేది ఆయనే, పంటొచ్చేదాకా ఆగేదీ ఆయనే, అర్ధరాత్రి ఫోన్ చేసినా పలికేదీ ఆయనే. కానీ అమ్మేవాడు, అప్పిచ్చేవాడు, సలహా చెప్పేవాడు ఒక్కడే అయినచోట మనిషి ఒంటికేమవుతుందన్న ప్రశ్న రాదు. రెండు మందులు కలిపి కొడితే ఊపిరికేమవుతుందో ఏ డబ్బా కాగితం మీదా ఉండదు. ఒక్కో కాగితం తన మందు సంగతే చెబుతుంది.

2021లో మిరప తోటలకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు నాకు మరీ భయమేసింది. పూతలోకి దూరి, పిందె నిలవకుండా చేసిన పురుగది. రైతులు వెర్రెత్తినట్టు మందులు మార్చారు. బయో అని పేరు పెట్టిన సీసాలు ఊళ్లలోకి దిగాయి. కొన్నిటి మీద రంగు గుర్తు లేదు, లోపలున్న మందు పేరు లేదు, నాలాంటి కాగితం అసలే లేదు. అలాంటి సీసా తాలూకు మందు ఒంటికెక్కితే ఏ డాక్టరైనా దేనికి విరుగుడు వెయ్యాలి?

ఇక నా తోబుట్టువుల సంగతి. మా పెట్టెలోని డబ్బాలన్నీ ఒకే చేనుకు వెళ్లాయి. గట్టు మీద నీళ్ల డ్రమ్ము, పక్కనే తైవాన్ పంపు, బిందెలతో నీళ్లు మోసే ఆడవాళ్లు. రైతు డబ్బాలిచ్చి పక్క చేనుకెళ్లాడు. అట్టపెట్టెలు చించారు, కాగితాలు గాలికెగిరాయి. ఒక కాగితం మాత్రం పంపు కొట్టే అతని చేతికి చిక్కింది. అతని పంపు మూత దగ్గర వాషరు అరిగిపోయి మందు కారుతోంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలేసి మూత కింద పెట్టి బిగించాడు. కారే పంపు వాడవద్దని రాసున్న కాగితమే అది. కాసేపటికి తడిసి ముద్దైంది. మందు అతని వీపు మీదుగా నడుము దాకా దిగింది. చొక్కా తడిస్తే చల్లగా ఉందనే అనుకున్నాడు.

డ్రమ్ము దగ్గర మందు కలిపింది అతని భార్య. మూతతో కొలిచి పోసి, కర్రతో తిప్పి, పంపులో నింపి, మళ్లీ నీళ్లకు వెళ్లింది. విషం ఎక్కువ చిక్కగా ఉండేది ఆ డబ్బా మూత తీసిన క్షణాన, ఆ మూత పట్టుకున్న చేతిలోనే. 2005లో వెలువడిన ఒక అధ్యయనం ఆంధ్రప్రదేశ్ పత్తి చేలల్లో ఇదే చూపించింది. మందు కొట్టే మగవాళ్లకెంత ప్రమాదమో, కలిపి పంపులు నింపే ఆడవాళ్లకూ అంతే ప్రమాదమని, పెద్ద రైతుల కంటే పేదవాళ్లకే విషం గట్టిగా తగులుతోందని తేల్చింది. కొనేవాడి చేతికి నేను అందుతాను, కలిపే చేతికి అందను. నా బాధంతా ఇదే.

ఎండ నడినెత్తికొచ్చేసరికి అతనికి కళ్లు మసకలు కమ్మాయి. చెమట ధారగా కారింది, నోట్లో నీళ్లూరాయి, వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బన్నారు. వేపచెట్టు నీడలో పడుకోబెట్టి మజ్జిగ తాగించారు. ఎండదెబ్బకు చొంగ కారదు, తొడ కండలు అలా అదరవు. ఈ జాతి మందులు నరం నుంచి కండకు వెళ్లే సంకేతాన్ని ఆపే ఎంజైమును పట్టేస్తాయి, అందుకని ఒళ్లంతా ఆగకుండా ఊరుతూ, అదురుతూ ఉంటుంది. ఆ సంగతి నా మీద రాసే ఉంది. నేను గట్టు కింద తుమ్మకంపకు తగులుకుని ఉన్నాను.

108కి ఫోన్ చేశారు. బండెక్కేటప్పుడు లోపలి మనిషి "మందు డబ్బా ఉంటే తెండమ్మా" అన్నాడు. ఆమె డబ్బా తీసుకుంది, కంపలోంచి నన్నూ తీసుకుంది. నన్నెందుకు తీసుకుందో నాకు తెలియదు. డబ్బా మీది కాగితం మందు పడి చెరిగిపోయి ఉండటం చూసిందేమో.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది "ఏం మందు?" అని. వెంటొచ్చిన రైతు కంపెనీ పెట్టిన పేరు చెప్పాడు. ఆ పేరుతో లోపల ఏముందో తెలియదు, ఒకే పేరు ముందూ వెనకా రెండక్షరాలు మార్చి వేరే మందు అమ్మేవాళ్లున్నారు. ఆమె నన్నిచ్చింది. డాక్టరు నన్ను దీపం కిందికి పట్టుకుని ప్రొఫెనోఫాస్ అన్న మాట దగ్గర ఆగి, అతని కంటిపాపలు చూశాడు. సూదిమొనంత చిన్నవై ఉన్నాయి. తడి చొక్కా కత్తిరించి తీసేసి, ఒళ్లంతా సబ్బునీళ్లతో కడగమని నర్సుకు చెప్పి, అట్రోపిన్ మొదలుపెట్టాడు. ఆ రాత్రి ఆమెను కూడా పరీక్షించారు. అడగ్గా అడగ్గా తనకూ మధ్యాహ్నం నుంచి చూపు మసగ్గా ఉందని చెప్పింది.

అతను బతికాడు. ఆమె నన్ను మళ్లీ చిత్తుకాగితాల్లో వెయ్యలేదు. ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్లి వ్యవసాయ సహాయకురాలి బల్ల మీద పెట్టి "ఇందులో ఏముందో మొత్తం చదవండమ్మా, మా వాళ్లందరూ వింటారు" అంది. ఆ సాయంత్రం మందు కలిపే ఆడవాళ్లు, తోటల్లో మిరపకాయలు కోసేవాళ్లు చుట్టూ కూర్చున్నారు. పుట్టాక నన్ను పైకి చదవడం నేను వినడం అదే మొదలు.

ప్రశ్నలు మొదలయ్యాయి. మజ్జిగ తాగితే విషం విరుగుతుందా? విరగదు, ఆలస్యమవుతుంది. స్పృహ లేనివాడికి నోట్లో ఏమీ పొయ్యకూడదు, వాంతి చేయించకూడదు. మందు కొట్టిన మర్నాడే కాయ కొయ్యమంటే? ఎన్ని రోజులాగాలో కాగితం మీద ఉంటుంది, అడిగి దిగండి. ఫోన్లో వీడియో చూసి కలుపుతున్నారే, నమ్మొచ్చా? చెప్పేవాడు ఎవరు, ఏదైనా అమ్ముతున్నాడా, మందు అసలు పేరు చెప్పాడా చూడండి. సందేహముంటే లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలున్నారు, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లో తెలుగులోనే మాట్లాడతారు. విషమెక్కితే ముందు 108. డాక్టరుకు సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం రాత్రింబగళ్లు పలుకుతుంది, 1800-116-117. ఆ నంబర్లు ఒకావిడ తన కూతురి చేత గోడ మీద బొగ్గుతో రాయించింది.

అప్పుడొక పెద్దావిడ అడిగింది, "చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కాళ్లకు బూట్లు అని రాశారు కదమ్మా, ఈ ఎండలో అవన్నీ వేసుకుని పని ఎవరు చెయ్యగలరు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. సహాయకురాలి దగ్గర ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పురుగు మందులపై ఒక ప్రవర్తనా నియమావళి పెట్టుకున్నాయి. వేడి దేశాల్లో, చిన్న రైతులూ కూలీలూ వాడేచోట, భరించలేని, కొనలేని, దొరకని రక్షణ దుస్తులు అవసరమయ్యే మందుల్ని వాడకుండా ఉండాలని అందులో ఉంది. అంటే తొడుగు వేసుకోలేకపోవడం కూలీ తప్పు కాదు, అలాంటి మందు ఆ చేతికివ్వడమే తప్పు. ఈ మాట నా మీద అచ్చెయ్యాలి. నా బెత్తెడు జాగాలో మొదటి వాక్యంగా అచ్చెయ్యాలి.

తర్వాతి దఫా మందు కొట్టే రోజున రైతు కొత్త డబ్బాలతో గట్టు మీదికొచ్చాడు. ఆమె డ్రమ్ము దగ్గరే నిలబడింది.

"కాగితం ఏది బాబాయ్?"

"ఏం కాగితమే?"

"డబ్బాలోది. బిల్లు కూడా. చదివాకే మూత తీస్తాం."

"పొద్దెక్కుతోంది, ఇప్పుడు చదువులేంటి?"

"అయితే మందు మీరే కలుపుకోండి" అంది.