అభిప్రాయానికి కోపే లేదు

అమెరికాలో ఇన్సూరెన్స్ కార్డు చూపించకుండా, కోపే కట్టకుండా, మూడు నెలల ముందు అపాయింట్‌మెంట్ తీసుకోకుండా దొరికేది ఒక్కటే ఉంది. అది అభిప్రాయం. 1791లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి జనం నోటికి అడ్డు లేదన్నారు. ఆనాటి నుంచి పని గురించి, న్యాయం గురించి, బతుకు గురించి అభిప్రాయం లేని మనిషి ఈ గడ్డ మీద కాపురం చేసిన దాఖలా లేదు. పిల్లల సాకర్ మైదానం గట్టున, గ్యాస్ స్టేషన్ దగ్గర, దేశీ దుకాణంలో బెండకాయల కొనలు విరిచి చూసుకునేచోట, ఎక్కడ చెవి పెట్టినా ఈ మూడే.

మా బావ ఈ మూడింటిలోనూ నిపుణుడు. డాలస్ శివార్లలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పని మీద అతని సిద్ధాంతం ఒక్క ముక్కలో తేలిపోతుంది: "ఒళ్ళు వంచి పనిచేసేవాడికి ఈ దేశం ఎప్పుడూ అన్యాయం చెయ్యదు బావా!"

సరే, ఒళ్ళు వంచేవాళ్ళ సంగతే చూద్దాం. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జులైలో అక్కడికి వచ్చి కూర్చుంది, మళ్ళీ లేవలేదు. గుడ్ల ధర మాట తప్పింది, ఇంటి అద్దె మాట తప్పింది, ఇదొక్కటే మాట మీద నిలబడింది. చాలా రాష్ట్రాలు ఆగలేక తమ వంతుగా పెంచుకున్నాయి గానీ, బావ ఉండే టెక్సాస్ పెద్దల మాట జవదాటలేదు. హోటల్లో వడ్డించేవాళ్ళ విషయంలో చట్టానికి నిలకడ ఇంకా ఎక్కువ. వాళ్ళకి టిప్పులొస్తాయి కాబట్టి యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు. ఆ అంకె 1991 నాటిది. టిప్పులతో కలిపినా 7.25కి చేరకపోతే ఆ తేడా యజమాని పూడ్చాలి. అంటే జీతం ఇచ్చే భారం ముందు తినడానికొచ్చినవాడిది, ఆ తర్వాతే ఓనరుది.

అందుకే కౌంటర్ దగ్గర అమ్మాయి టాబ్లెట్ మనవైపు తిప్పుతుంది. 18, 20, 25 శాతం అని మూడు పెద్ద గళ్ళు. "టిప్పు వద్దు" అన్నది మాత్రం కింద, కళ్ళజోడు పెట్టుకుంటేగానీ కనపడని అక్షరాల్లో ఉంటుంది. ఆ అమ్మాయి పైకప్పు వంక చూస్తుంది. వెనక నిలబడ్డాయన మన వేలి వంక చూస్తాడు. మనం ఆ పాతిక శాతాన్ని రూపాయల్లోకి మార్చి గుటక మింగుతాం. ఆ రెండు క్షణాలూ మనమే యజమాని, మనమే కార్మిక సంఘం, మనమే లేబర్ కమిషనర్. ఇరవై నొక్కేసి, కారెక్కాక "ఈ టిప్పుల గోల మరీ శ్రుతి మించింది" అని అభిప్రాయం ప్రకటిస్తాం.

శ్రామికుణ్ణి ఈ దేశం గౌరవించదని ఎవరూ అనకూడదు. 1886లో ఎనిమిది గంటల పని కోసం చికాగోలో రక్తం చిందితే, దాన్ని తలచుకుని ప్రపంచమంతా మే 1న జెండా ఎగరేస్తుంది. అమెరికా మాత్రం 1894లో చట్టం చేసి సెప్టెంబరు మొదటి సోమవారాన్ని కార్మిక దినం చేసుకుంది. ఆ రోజు పరుపుల మీద భారీ తగ్గింపులుంటాయి. ఆ పరుపులమ్మే దుకాణంలో కార్మికులు ఆ రోజంతా డ్యూటీలోనే ఉంటారు.

సెలవుల మీద కూడా బావకి గట్టి అభిప్రాయమే ఉంది. ఏడాదికి ఇన్ని రోజులు జీతంతో సెలవివ్వాలని ప్రైవేటు యజమానికి చెప్పే ఫెడరల్ చట్టం లేదు. బిడ్డ పుట్టినా 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ యాభై మందైనా ఉన్న సంస్థలో ఏడాది పైబడి పనిచేసినవాళ్ళకి. "చట్టం దేనికి బావా? మా కంపెనీలో సెలవులు అన్‌లిమిటెడ్!" అన్నాడు. ఈ ఏడాది ఎన్ని వాడావురా అంటే, "క్వార్టర్ ఎండింగ్ కదా" అని గొణిగాడు. హద్దు లేని సెలవులో ఒక సొగసుంది. లెక్క లేదు కాబట్టి ఖాతాలో ఏమీ పోగుపడదు, పోగుపడలేదు కాబట్టి ఉద్యోగం పోయిన రోజున కంపెనీ చెల్లించాల్సిందీ ఉండదు.

ప్రభుత్వోద్యోగం నయం కదా అనుకునేవాళ్ళకి 2025 మంచి ఏడాది. ఫిబ్రవరిలో ఫెడరల్ ఉద్యోగులకి ఒక ఈమెయిల్ వచ్చింది: పోయిన వారం ఏం చేశారో ఐదు ముక్కల్లో రాసి పంపండి అని. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా బడ్జెట్ తేలక ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. ఆకాశంలో విమానాలు ఒకదానికొకటి తగలకుండా చూసేవాళ్ళు ఆ రోజుల్లో జీతం లేకుండానే చూశారు. మూతకు కారణమైన కాంగ్రెస్ సభ్యుల జీతాలు మాత్రం ఆగవు. వాళ్ళు పోయిన వారం చేసిన ఐదు పనులేమిటని ఎవరూ మెయిల్ పెట్టలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం ఉదయం బావ బ్యాడ్జీ పెడితే ఆఫీసు గేటు తెరుచుకోలేదు. లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది, చెప్తే ఒప్పుకోలేదు. ఫోన్లో పదిహేను నిమిషాల వీడియో మీటింగుకి పిలుపు. అవతల ఒకావిడ చాలా మర్యాదగా, ముందే రాసిపెట్టుకున్న కాగితం చదివింది. తప్పేం చేశానని అడగడానికి లేదు. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటా కారణం చెప్పకుండానే ఉద్యోగం తీసెయ్యొచ్చు, వివక్ష లాంటి చట్టవిరుద్ధమైన కారణం కాకుంటే చాలు. ఒళ్ళు వంచినవాళ్ళకి వేరే లిఫ్టు లేదు, అందరూ ఒకే లిఫ్టులో కిందికి దిగారు. బావ ఎవరినీ తిట్టలేదు. మొదట అడిగిన మాట ఒకటే: "ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందండీ?"

ఆ ప్రశ్న వెనక రెండో ప్రపంచ యుద్ధముంది. 1942లో ధరలు పెరక్కుండా జీతాలకి ప్రభుత్వం తాళం వేసింది. పనివాళ్ళు దొరక్క కంపెనీలు జీతానికి బదులు ఆరోగ్య బీమాను ఎరవేశాయి. యుద్ధం 1945లో ముగిసింది. ఆ ఏర్పాటుకి మాత్రం కబురు అందినట్టు లేదు, ఇంకా పోరాడుతూనే ఉంది. అందుకే ఇక్కడ ఉద్యోగం పోతే జీతంతోపాటు డాక్టరూ పోతాడు. బావలాంటి హెచ్1బి వీసా వాళ్ళకి దేశం కూడా పోతుంది. 60 రోజుల్లో ఇంకో యజమాని దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. గ్రీన్‌కార్డు క్యూలో ఒక్కో దేశానికి ఏడు శాతం హద్దు పెట్టారు కాబట్టి, బావ ఎన్నేళ్ళు పన్ను కట్టినా మొదటి రోజున్నచోటే ఉన్నాడు. పన్ను ఉంది, ఓటు లేదు, జ్యూరీలో చోటు లేదు. ఆ సాయంత్రానికి బావ సిద్ధాంతం మారింది: "ఇది దోపిడీ వ్యవస్థ బావా!" ఫోన్లో ఆ గొంతు వింటే విజయవాడలో ఎర్ర జెండా పట్టిన మా పెదనాన్న గుర్తొచ్చాడు.

కోర్టుకెక్కుతానన్నాడు. పాత కాగితాలు తీసి చూస్తే, ఉద్యోగంలో చేరిన రోజునే గొడవలన్నీ మధ్యవర్తి దగ్గర విడివిడిగా తేల్చుకుంటానని, నలుగురితో కలిసి దావా వెయ్యనని సంతకం పెట్టేసి ఉన్నాడు. అలా రాయించుకోవచ్చని 2018లో సుప్రీం కోర్టే చెప్పింది. చేరేనాడు అరవై పేజీల కాగితంలో బావ చదివింది జీతం ఉన్న గడి ఒక్కటే.

న్యాయం మీద ఇక్కడ అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునే అభిప్రాయం ఒకటుంది: జనం ఊరికూరికే కేసులు వేసి కోట్లు కొట్టేస్తారని. సాక్ష్యంగా కాఫీ కథ చెప్తారు. ఆ కథలో చెప్పని భాగం ఇదీ. ఆల్బుకర్కీలో 1992లో 79 ఏళ్ళ ముసలావిడ ఆగి ఉన్న కారులో మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒలికి తొడలు కాల్చుకుంది. చర్మం అతికించాల్సినంత కాలింది, ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆవిడ అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ ఇస్తానన్నది 800. అంతకు ముందే కాఫీతో కాలిన ఫిర్యాదులు కంపెనీ దగ్గర ఏడొందల పైచిలుకు ఉన్నాయని విచారణలో బయటపడింది. జ్యూరీ మండిపడి శిక్షగా 27 లక్షల డాలర్లు వేస్తే, జడ్జి దాన్ని 4,80,000కి దించాడు. ఆఖరికి రహస్యంగా రాజీ కుదిరింది. రాజీ ఎంతకో బయటివాళ్ళకి తెలీదు, అభిప్రాయం మాత్రం ముప్పై ఏళ్ళుగా అందరికీ ఉంది.

అమెరికాలో బేరాలుండవని మనవాళ్ళు మెచ్చుకుంటారు. ఎందుకుండవు? కోర్టు వరండాలో ఉన్నాయి. ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం విచారణ లేకుండా నేరం ఒప్పుకోలుతోనే తేలిపోతున్నాయని 2012లో సుప్రీం కోర్టే రాసుకుంది. ఒప్పుకుంటే తక్కువ, పోరాడితే ఎక్కువ, ఆలోచించుకోవడానికి టైము తక్కువ. సినిమాల్లో జ్యూరీ ముందు లాయరు గంటసేపు ప్రసంగించేది ఆ మిగిలిన పిడికెడు కేసుల్లో.

చట్టం ముందు అందరూ సమానమన్న మాట మాత్రం అక్షరాలా నిజం. ఒరెగాన్‌లో గ్రాంట్స్ పాస్ అని చిన్న ఊరుంది. అక్కడ ఇల్లు లేనివాడు పార్కులో దుప్పటి పరుచుకుంటే 295 డాలర్ల జరిమానా వేసేవారు. 2024 జూన్‌లో సుప్రీం కోర్టు 6-3తో ఊరి పక్షానే తీర్పిచ్చింది. ఇల్లు లేనివాడైనా, సెలవులకొచ్చి వీపున సంచితో తిరిగే యాత్రికుడైనా, నిరసనగా హాస్టల్ వదిలి గుడారం వేసిన విద్యార్థైనా నియమం ఒకటేనని వివరించింది. యాత్రికుడు ఎల్లుండి ఇంటికి పోతాడు, విద్యార్థి హాస్టలుకి పోతాడు. ఇల్లు లేనివాడి దగ్గర ఆ 295 డాలర్లే ఉంటే ఆ రాత్రి మోటెల్లో పడుకుని ఉండేవాడు.

వెటకారం చెల్లని చోటు కూడా ఒకటుంది. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న తెలుగు విద్యార్థిని పోలీసు కారు గుద్ది చనిపోయింది. 25 మైళ్ళ వీధిలో కారు 74 మైళ్ళ వేగం అందుకుంది. ఆమె విలువ అంతంతమాత్రమేనని, పదకొండు వేల డాలర్ల చెక్కుతో సరిపోతుందని ఇంకో పోలీసు అధికారి ఫోన్లో నవ్వుతూ అన్న మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయ్యాయి. కారు నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు నిలవదని 2024లో ప్రాసిక్యూటర్ తేల్చేశారు. ఆ వారం మాత్రం మన వాట్సాప్ గ్రూపుల్లో "ఇక్కడ లా అండ్ ఆర్డర్ బావుంటుంది" అన్నవాళ్ళు లేరు. మరుసటి వారం మళ్ళీ ఉన్నారు.

ఇక బతుకు నాణ్యత. రోడ్లు నున్నగా ఉంటాయి, కుళాయి నీళ్ళు తాగొచ్చు, హారన్ మోత ఉండదు. ఇవన్నీ నిజమే. ఒంట్లో బాగున్నంత కాలం ఇంకా నిజం. ఆస్పత్రికెళ్ళొచ్చాక ఒక కవరొస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది. కింద ఆస్పత్రి అడిగినదొక అంకె, బీమా కంపెనీ ఒప్పుకున్నదొక అంకె, మీ వాటా అని ఇంకొకటి. గుండె చిక్కబట్టుకుని హమ్మయ్య బిల్లు కాదులే అనుకుంటాం. అసలు బిల్లు ఇంకో కవర్లో, ఇంకో అంకెతో వస్తుంది. ఇలాంటి దొంగదెబ్బ బిల్లుల్ని ఆపడానికి 2022 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. దాని కింద ఎయిర్ అంబులెన్సుకి రక్షణ ఉంది, రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సుకి లేదు. కాబట్టి గుండె నొప్పొచ్చినప్పుడు ఆకాశమార్గం ఎంచుకోవడం మేలు.

ఇన్ని ఉన్నా, మీ బతుకెలా ఉందని సర్వేల్లో అడిగితే అమెరికన్లలో అత్యధికులు ఏళ్ళ తరబడి బాగానే ఉందంటున్నారు. దేశం ఎలా ఉందంటే సగానికి చాలా తక్కువమందే బాగుందంటారు. కాంగ్రెస్ దండగ అంటారు, తమ సభ్యుణ్ణి మాత్రం మళ్ళీ గెలిపిస్తారు. ఇందులో వింతేమీ లేదు. ఇక్కడ అభిప్రాయం కూడా ఉద్యోగంతోపాటు వచ్చే బెనిఫిట్టే. ఇన్సూరెన్స్ కార్డు ఉన్నవాడికి దేశం స్వర్గం, కార్డు పోయినవాడికి దోపిడీ. కార్డు ఎన్నడూ లేనివాణ్ణి ఎవరూ అడగరు.

బావకి ఎనిమిదో వారంలో ఉద్యోగం దొరికింది. కొత్త బ్యాడ్జీ పచ్చగా వెలిగింది, కొత్త ఇన్సూరెన్స్ మొదలైంది. పెదనాన్న గొంతు మాయమైంది. "చూశావా బావా, ఒళ్ళు వంచి పనిచేసేవాడికి ఈ దేశం అన్యాయం చెయ్యదు!" అన్నాడు. తనతోపాటు ఆ మంగళవారం లిఫ్టు దిగినవాళ్ళలో ఇద్దరు ఇండియాకి పెట్టె సర్దుకున్నారని వేరేవాళ్ళు చెప్పారు.

ఆంధ్రా, తెలంగాణల్లో అమెరికా సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులకి ఒక మనవి. అబ్బాయి జీతమెంతని అడక్కండి, అది అతను అడక్కుండానే చెప్తాడు. ఇన్సూరెన్స్‌లో డిడక్టిబుల్ ఎంత, నిరుడు నిజంగా వాడిన సెలవులెన్ని, ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు నిలబడగలడు, ఈ మూడూ అడగండి. అమెరికా ఎలా ఉందన్న అతని అభిప్రాయం మాత్రం అడక్కండి. అది కంపెనీవాళ్ళు ఇచ్చింది.