జీవో బాబాయి

మా వీధి చివర టీకొట్టులో ఎవరైనా "పింఛన్లు పెంచేశారంట" అన్నారనుకోండి, బెంచీ చివర నుంచి ఓ గొంతు లేస్తుంది.

"ఎమ్మెస్సా, ఆర్టీయా?"

అదే మా జీవో బాబాయి. సబ్‌ట్రెజరీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉండే ఉంటుంది గానీ, వీధి మొత్తానికీ ఆయన బాబాయే. ఆయన సొంత అన్నయ్య కూడా అలాగే పిలుస్తాడు.

ఎమ్మెస్ అంటే విధానానికి సంబంధించిన ఉత్తర్వు, ఆర్టీ అంటే రోజువారీ వ్యవహారం. ఈ తేడా తెలియనివాడికి రాజకీయాలు మాట్లాడే అర్హత లేదని బాబాయి సిద్ధాంతం. "మైకులో చెప్పేది ఆశరా. పేపర్లో వచ్చేది వార్త. జీవోలో ఉన్నదే పని. అందులోనూ షరతులు ఏ పేరాలో ఉన్నాయో వెతుక్కోవాలి. శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ చూసి బయల్దేరతావా, విందు ఎక్కడో చూసుకుని బయల్దేరతావా?" అంటారు.

తెల్లారి స్నానం, విభూతి, ఆ తర్వాత ప్రభుత్వ వెబ్‌సైట్లు. కాప్చా దగ్గర మాత్రం ఆగుతారు. "ఏమేవ్, ఇది సున్నానా, ఓ నా?" ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో పిన్ని అభిప్రాయం ఆయన అడిగింది ఈ ఒక్క విషయంలోనే. ఆ పైన కళ్లు చికిలించి ఓ మూలకు వాలిపోయిన స్కాన్ కాపీని చదువుతుంటే పిన్ని నిట్టూరుస్తుంది: "పెళ్లిచూపుల్లో నన్నయినా ఇంతసేపు చూశారు కాదు."

ఎన్నికల ఫలితాల రోజున ఊరంతా టీవీకి అతుక్కుపోతే, బాబాయి శాఖల వెబ్‌సైట్లు తిరగేస్తూ కూర్చుంటారు. పాత ముఖ్యమంత్రి ఫొటో ఏ శాఖ ముందు దించింది, ఏ శాఖ ఇంకా మొహమాటపడుతోంది అన్నది ఆయన లెక్క. "ఫొటోలు మారాయిరా, పథకాల పేర్లూ మారతాయి. 'తరచుగా అడిగే ప్రశ్నలు' మాత్రం మారవు. ఎందుకంటే జవాబు రాలేదు కనక జనం అవే అడుగుతున్నారు."

ఆయన జీవితంలో పెద్ద దెబ్బ 2021 ఆగస్టులో తగిలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్లో పెట్టడం ఆపేసింది. అంతకుముందే కొన్ని 'బ్లాంక్ జీవోలు' వచ్చాయి. నంబరుంటుంది, తేదీ ఉంటుంది, విషయం ఉండదు. బాబాయి వాటినీ వదల్లేదు. అరగంట చూసి, "మార్జిన్లు సరిగ్గానే వదిలారు" అన్నారు. మొత్తానికే ఆగిపోయేసరికి పది రోజులు టీకొట్టుకు రాలేదు. పరామర్శకు వెళ్తే, 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌ను లలితా సహస్రనామంలా పారాయణ చేస్తున్నారు. మధ్యలో ఆపి, "ప్రభుత్వం అడక్కుండానే చెప్పాలని ఇందులో ఉందిరా. కాగితం లేకపోతే ఇక నాకూ, ఎర్ర బాణాలేసి నోరు తెరిచిన ఫొటో పెట్టే యూట్యూబువాడికీ తేడా ఏముంది?" అన్నారు. ఆ గొంతులో మొదటిసారి సూపరింటెండెంటు వినపడలేదు.

2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం ఆ వెబ్‌సైట్‌ను మళ్లీ తెరుస్తున్నట్టు చెప్పగానే టీకొట్టులో అందరికీ అల్లం టీ ఇప్పించారు. డీఏ బకాయిలు వచ్చినప్పుడు కూడా చెయ్యని పని అది.

2025 జనవరిలో ఇంకో పరీక్ష వచ్చింది. ప్రభుత్వమే వాట్సాప్‌లోకి దిగింది. 'మన మిత్ర' పేరుతో 161 సేవలు. మొదలుపెట్టాలంటే "హాయ్" అని పంపాలి. "ముప్పై అయిదేళ్లు 'అయ్యా, వినయపూర్వకంగా విన్నవించుకొనునది' అని రాసిన చెయ్యిరా ఇది. ప్రభుత్వాన్ని హాయ్ అనమంటావా?" అని రెండు రోజులు మథనపడ్డారు. మూడో రోజు "హాయ్ సార్" అని పంపి స్థిమితపడ్డారు.

మొన్నొక కుర్రాడు ఫోన్ ఊపుకుంటూ వచ్చాడు. "బాబాయ్, రిటైర్మెంట్ వయసు పెంచేశారు! ఇదిగో జీవో."

బాబాయి కళ్లజోడు తుడుచుకున్నారు. "తేదీ రెండో శనివారం. పైన రిఫరెన్సుల్లేవు. గవర్నరు పేరిట అన్న మాట లేదు. ఇది దొంగదిరా."

"ఏమో బాబాయ్, నలభై మంది ఫార్వార్డ్ చేశారు."

"జీవో చివర కూడా 'ఫార్వార్డెడ్, బై ఆర్డర్' అనే ఉంటుందిరా. కాకపోతే దాని కింద ఓ సెక్షన్ ఆఫీసరు సంతకం ఉంటుంది, రేపు తేడా వస్తే పిలిచి అడగడానికి. నీ నలభై మందిలో సంతకం పెట్టేవాడెవడు?"

కొట్టంతా నిశ్శబ్దం. బాబాయి విజయగర్వంతో లేచి పది రూపాయల నోటు తీశారు.

"పన్నెండు బాబాయ్. ఇవాళ్టి నుంచి టీ రేటు పెంచాం" అన్నాడు కొట్టతను.

"ఉత్తర్వేదీ?"

కొట్టతను గోడకున్న పలక చూపించాడు. 'టీ రూ. 12' అని సుద్దతో రాసి ఉంది. కింద సంతకం కూడా ఉంది. ఇన్నేళ్ల సావాసం ఊరికే పోతుందా!

బాబాయి దగ్గరకెళ్లి రెండుసార్లు చదివారు.

"అమలు తేదీ వెయ్యలేదోయ్" అని పదే ఇచ్చి వెళ్లిపోయారు.