పొరపాటు పడే హక్కు మాకూ ఇప్పించండి

ఢిల్లీలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పెద్దలకు, బళ్లారి కౌల్‌బజార్ నుంచి ఒక కొనుగోలుదారు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా,

దసరా అమ్మకాల్లో ఒక ఆన్‌లైన్ అంగడి 3,890 రూపాయల మిక్సీని 389కి పెట్టింది. సున్నా జారిందని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. అయినా పండగపూట కదా, నొక్కాను. డబ్బు రెప్పపాటులో పోయింది. 'మీ ఆర్డరు ఖాయమైంది, అభినందనలు' అన్నారు. తెల్లారేసరికి 'అనివార్య కారణాల వల్ల రద్దు'. డబ్బు మాత్రం ఏడు పనిదినాలకు వస్తుందట!

మిక్సీ దక్కలేదని నాకు ఏడుపు లేదు. వాళ్ల సున్నా జారితే రాత్రికి రాత్రే దిద్దుకున్నారు, మరి మా వైపు జారితే? అదే తెరమీద ఒక జీన్స్ ప్యాంటు 599. పక్కన ఎమ్మార్పీ అని 2,999 వేసి, దానిమీద అడ్డంగా ఓ గీత. అలాంటి ప్యాంట్లు మా ఊళ్లోనే కుడతారు, మాకా ధరలు తెలీవా? 2,999 పెట్టి దాన్ని కొన్న మహానుభావుడు ఇంకా పుట్టలేదు. ఇది జారిన సున్నా కాదు, కూర్చుని ఆలోచించి వేసిన అంకె. అందుకే తెల్లారినా రద్దు కాదు. ఎమ్మార్పీ మించి అమ్మకూడదంటుంది చట్టం. అసలు ఎమ్మార్పీ ఎంత వేసుకోవచ్చో చాలా సరుకులకు చెప్పదు.

ధర చూపడం బేరానికి పిలుపే గానీ ఒప్పందం కాదంటారు లాయర్లు. సరే. డబ్బు పుచ్చుకుని, ఖాయమని చెప్పాక కూడానా? ఒక పక్షం పొరపాటు పడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేయదగ్గది కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. 2014లో ఒడిశాలో ఒక న్యాయవిద్యార్థి 23,499 రూపాయల ల్యాప్‌టాప్‌ను అమెజాన్‌లో 190కి ఆర్డరు చేస్తే రద్దయింది. పరిహారం, ఖర్చులు కలిపి 45 వేలు ఇవ్వాలని ఆ రాష్ట్ర వినియోగదారుల కమిషన్ 2021లో తీర్పు చెప్పింది. అంటే ఆరేళ్లకు పైనే. 389 రూపాయల కోసం ఎవడు తిరుగుతాడన్నదే అంగళ్లవాళ్ల ధైర్యం.

వాదించడం మాకు రాక కాదు. బళ్లారి రాఘవ కోర్టులో వాదించి, రంగస్థలమెక్కి మెప్పించిన ఊరు మాది. 1953లో మా తాలూకా మైసూరు రాష్ట్రానికా, ఆంధ్ర రాష్ట్రానికా అని కొట్టుకున్నవాళ్లం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పుణ్యమా అని ఈ ఒక్క విషయంలో సరిహద్దు చెరిగింది: అంగడి ఏ రాష్ట్రానిదైనా మేముండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, 5 లక్షల దాకా రుసుము కూడా లేదు. అలా వెళ్లే అవసరమే రాకుండా చూడమని నా మనవి.

ఖాయం చేసిన ఆర్డరు రద్దు చేస్తే, కారణం ఉన్నదున్నట్టు రాయించండి. డబ్బు అదే రోజు తిరిగి వేయించండి. తగ్గింపు చూపేటప్పుడు గత 30 రోజుల్లోని అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలని యూరప్‌లో నియమం ఉంది, దాన్ని ఇక్కడికీ తెండి. అదీ కుదరకపోతే, పొరపాటున ఎక్కువ ఇచ్చేశామని తెల్లారేలోగా రద్దు చేసుకునే మీట మాకూ ఒకటి పెట్టించండి.

తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం మీ చేతిలోనే ఉంది. ఆ గీత కొట్టిన అంకెలతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
మిక్సీ రాని కొనుగోలుదారు,
కౌల్‌బజార్, బళ్లారి