‘ఇఫ్ ఐ వర్ యూ’ అను సలహా వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్ సెల్ దట్ స్కూటర్.

అవతారిక

వాక్యం ఎంత చిన్నదైనా అది పుట్టిన సందర్భం తెలియకుండా అర్థం చెప్పబూనడం వ్యాఖ్యాతలకు తగదు గనుక, ముందుగా సందర్భాన్ని నిరూపించవలసి ఉంది. అపార్ట్‌మెంటు కింది పార్కింగులో ఒక గృహస్థు తన పాత గేర్ల స్కూటరును పెట్రోలు దిగడం కోసం ఒక పక్కకు వంచి, లేపి, చోకు లాగి, వరుసగా కిక్కులు కొట్టి, చొక్కా వీపుకు అంటుకుపోయిన దశలో కాసేపు ఆగి, స్పార్క్‌ప్లగ్గు విప్పి జేబురుమాలుతో తుడిచి బిగించి, మళ్ళీ కిక్కు మీద కాలు మోపిన సమయాన, చేతిలో పాలప్యాకెట్లతో అటుగా వచ్చిన పై అంతస్తు పెద్దమనిషి నిలబడి, చూచి, నిట్టూర్చి పలికినది ఈ వాక్యం. ఇదే మాటను ఆయన తెలుగులో ‘ఆ డొక్కు స్కూటరు అమ్మి పారేయకూడదటండీ’ అని ఉంటే ఇరుగుపొరుగు మర్యాదకు భంగం కలిగేది. ఇంగ్లీషులో, అందునా షరతు తగిలించి చెప్పడం వల్ల, డొక్కు అన్న మాట ఎక్కడా వినబడకుండానే దాని అర్థం మాత్రం చేరవలసిన చోటికి చేరింది.

ప్రతిపదార్థం

ఇఫ్ = ఒకవేళ; ఐ = నేను (సలహా ఇచ్చువాడను, స్కూటరు లేనివాడను); వర్ = అయి ఉన్నయెడల (కానని ఇరువురకును తెలిసియే యుండగా); యూ = నీవు (కిక్కు కొట్టుచున్నవాడవు); ఐ = నేను (పై నేనో, వేరొక నేనో ముందు విచారింపబడును); వుడ్ సెల్ = అమ్మివేసెడివాడను; దట్ = ఆ (అడుగు దూరముననే యున్నను ‘ఈ’ అనుటకు మనసొప్పని); స్కూటర్ = ద్విచక్ర వాహనమును.

తాత్పర్యం

వక్త శ్రోత స్థితిలో ఉండి ఉంటే ఆ వాహనాన్ని వదిలించుకునేవాడని వాచ్యార్థం. శ్రోత ఇంతకాలం వదిలించుకోలేదు గనుక అతని వివేకం మీద వక్తకు సందేహం ఉన్నదని వ్యంగ్యార్థం.

విశేషాలు

ఈ వాక్యానికంతటికీ ఆయువుపట్టు ‘వర్’ అనే క్రియ. బడిలో నేర్పిన లెక్క ప్రకారం అది భూతకాల రూపం, అంటే జరిగిపోయిన దానిని చెప్పేది. కానీ పై అంతస్తు పెద్దమనిషి గడచిన కాలంలో ఎన్నడూ కింది అంతస్తు గృహస్థు అయి ఉండలేదు, ఆయన మాట్లాడుతున్నది ఈ ఉదయపు సంగతి. వర్తమానాన్ని గురించి చెబుతూ భూతకాల రూపం ఎందుకు వాడవలసి వచ్చిందంటే, ఇంగ్లీషులో ఆ రూపానికి కాలంలో దూరాన్ని చెప్పే పనితోపాటు, నిజం నుంచి దూరాన్ని చెప్పే రెండవ పని కూడా ఉంది. ‘ఇఫ్ ఐ యామ్’ అంటే అది నిజమయ్యే అవకాశం ఉన్నట్టు, ‘ఇఫ్ ఐ వర్’ అంటే అది కల్పన అని వక్తే ఒప్పుకున్నట్టు. ఈ రహస్యం తెలియక, క్రియ కనబడగానే కాలం కోసం వెతికే విద్యార్థి ఈ వాక్యం దగ్గర తప్పకుండా తడబడతాడు, తప్పు అతనిది కాదు. టెన్స్ అంటే కాలమే అని మొదటి తరగతి నుంచి బల్ల గుద్ది చెప్పినవారిది.

ఇక్కడ ఒక పాఠాంతరం ఉంది. ‘ఐ’ పక్కన భూతకాలంలో ‘వాజ్’ రావాలి గదా అని ‘ఇఫ్ ఐ వాజ్ యూ’ అని పలికేవారు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కోకొల్లలు. ‘వర్’ అనేది సబ్‌జంక్టివ్ అనబడే సంభావనార్థక క్రియారూపపు శేషం. పాత ఇంగ్లీషులో నిండుగా ఉన్న ఆ రూపాలు క్రమంగా మామూలు రూపాలలో కలిసిపోగా, ‘బి’ ధాతువు దగ్గర మాత్రం ఇది ఒక్కటి వేరుగా కనబడుతూ మిగిలింది. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదివి పరీక్షలు రాసిన తరాలవారు ‘వర్’ పాఠాన్నే ప్రమాణంగా పట్టుకున్నారు. ఈ ఒక్క పదబంధం వరకు వారి పట్టుదల సమంజసమే, ఎందుకంటే మిగతా చోట్ల ‘వాజ్’ను సహించే ఇంగ్లీషువారు కూడా ‘ఇఫ్ ఐ వర్ యూ’ దగ్గర పాత పాఠానికే మొగ్గుతారు.

తరువాతి పదం ‘వుడ్’. ఇది ‘విల్’ అనే భవిష్యత్తు సూచకానికి భూతకాల రూపం. అంటే వెనక్కి తిరిగిన భవిష్యత్తు. ఇది ఇంగ్లీషువారి సొంత వింత అనుకోవడానికి వీలు లేదు. సంస్కృతంలో లృఙ్ అనే లకారం, అంటే ఒక క్రియారూప వర్గం, ఉంది. జరగవలసిన క్రియ జరగకపోవడం, అనగా క్రియాతిపత్తి, దానికి విషయమని పాణిని నిర్దేశించాడు. దాని నిర్మాణం చూస్తే, ‘భవిష్యతి’ అనే భవిష్యద్రూపానికి ముందు భూతకాలపు గుర్తయిన అకారం చేరి, చివరి ప్రత్యయం మారి ‘అభవిష్యత్’ ఏర్పడుతుంది. ఫ్రెంచివారు కూడా భవిష్యత్తు ప్రాతిపదికకు భూతకాల ప్రత్యయాలు తగిలించే ఈ రూపాన్ని సాధిస్తారు. జరగనిదాన్ని చెప్పాలంటే భవిష్యత్తును తీసుకుపోయి భూతకాలంలో నిలబెట్టాలన్న ఊహ ఇన్ని భాషలకు తట్టడం వ్యాకరణంలోని నిజమైన చమత్కారాలలో ఒకటి.

అయితే సంస్కృతంలో వాన కురిసి ఉంటే పంట పండేదన్న అర్థం చెప్పేటప్పుడు కురవడానికీ పండడానికీ రెండింటికీ లృఙ్ రూపమే వస్తుంది. ఇంగ్లీషులో షరతు భాగంలో ‘వుడ్’ రాకూడదు, ఫలం భాగంలోనే రావాలి. ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్’ అని రాసి ఎర్రసిరా గీత తిన్న విద్యార్థికి పాణిని దిద్ది ఉంటే పూర్తి మార్కులు పడేవి.

తెలుగు వ్యాకరణంలో షరతును చెప్పే రూపాన్ని చేదర్థకం అంటారు. ‘చేత్’ అనే సంస్కృత పదం ‘అయినచో’ అన్న అర్థమిచ్చేది గనుక ఆ పేరు. ‘వస్తే’, ‘అమ్మితే’ అనేవి నేటి చేదర్థకాలు. ‘వాన వస్తే తడుస్తాం’ అన్నప్పుడూ ‘వాన వస్తే పంట దక్కేది’ అన్నప్పుడూ ‘వస్తే’ ఒక్కటే, ఆ మాట విన్నంత మాత్రాన వాన వచ్చేదో రానిదో శ్రోతకు తెలియదు. ‘దక్కేది’ అన్న చివరి క్రియ వినబడ్డాక గానీ ఆ వాన కురవలేదని తేలదు. ‘వచ్చి ఉంటే’ అని విప్పి చెప్పే అవకాశం ఉన్నా నిర్బంధం లేదు. ఇంగ్లీషు అలా చివరిదాకా ఆగనివ్వదు, షరతు భాగంలోనే కల్పన అని ముద్ర వేసి తీరాలంటుంది. తెలుగువారు ఈ వాక్యాల దగ్గర పడే అవస్థకు తెలివితక్కువతనం కారణం కాదు; తెలుగు ఒక్కచోట వేసే ముద్రను ఇంగ్లీషు రెండుచోట్ల అడగడమే కారణం.

ఫలభాగంలో మాత్రం రెండు భాషలకూ ఆశ్చర్యకరమైన పొత్తు కుదిరింది. ‘అతను రోజూ ఆ స్కూటరు మీదే ఆఫీసుకు వెళ్ళేవాడు’ అంటే పాత అలవాటు. ‘స్కూటరు కదిలి ఉంటే వెళ్ళేవాడు’ అంటే జరగని పని. రూపం ఒక్కటే. ఇంగ్లీషు ‘వుడ్’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది: గతంలోని అలవాటునూ చెబుతుంది, కల్పిత ఫలాన్నీ చెబుతుంది. ఈ ఒక్క సంగతి మొదటే చెప్పి ‘వుడ్’ పాఠం ప్రారంభిస్తే సగం భయం పోతుంది. పాఠ్యపుస్తకాలు దీనిని వదిలి, సున్నా, ఒకటి, రెండు, మూడు అని షరతు వాక్యాలకు నంబర్లు వేసి, పట్టికలు గీసి ఊరుకున్నాయి. ఆ నంబర్ల ప్రకారం మూలవాక్యం రెండవ రకం. నిరుడే అమ్మి ఉంటే మంచి ధర వచ్చి ఉండేదన్నది మూడవ రకం, చేతులు కాలాక ఆకులు పట్టుకునేవారి వ్యాకరణం. నిరుడే అమ్మి ఉంటే ఇప్పుడు ఈ కిక్కులు ఉండేవి కావన్న వాక్యంలో షరతు మూడవ రకం, ఫలం రెండవ రకం; పట్టికకు లొంగని ఈ వాక్యానికి మిశ్రమమని పేరు పెట్టి పుస్తకం చివరికి నెట్టారు గానీ, పార్కింగులలో ఎక్కువగా వినబడేది అదే.

శంకా సమాధానాలు

‘నేను నీవైతే’ అనడం ఎట్లా పొసగుతుంది? నేను నీవైపోతే ఆ నీవుకు నీ బుద్ధే ఉంటుంది, నీ బుద్ధి ఉన్నవాడు స్కూటరును అమ్మడు గదా, అమ్మే బుద్ధే ఉంటే ఈ సలహాతో పని ఏముంది అని శంక.

దీనికి అద్వైతుల పక్షం నుంచి సమాధానం సులభం. పదానికి వాచ్యార్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని గ్రహించడాన్ని లక్షణ అంటారు. అందులో విరుద్ధమైన భాగాన్ని విడిచి, విరుద్ధం కాని భాగాన్ని మాత్రం నిలుపుకొనేది జహదజహల్లక్షణ, దీనికే భాగత్యాగ లక్షణ అని మరో పేరు. జీవబ్రహ్మల ఐక్యాన్ని చెప్పే మహావాక్యాన్ని వారు ఈ పద్ధతిలోనే సమన్వయిస్తారు. ప్రస్తుత వాక్యంలో ‘యూ’ అనే పదం నుంచి శ్రోత బుద్ధిని విడిచి స్కూటరును, ఆర్‌సీ పుస్తకాన్ని, మెకానిక్కు బాకీని నిలుపుకోవాలి. ‘ఐ’ అనే పదం నుంచి వక్త దేహాన్ని, పాలప్యాకెట్లను విడిచి బుద్ధిని నిలుపుకోవాలి. అప్పుడు నీ స్కూటరూ నా తెలివీ ఒకచోట చేరినట్లయితే అని అర్థం సిద్ధిస్తుంది. లోకంలో ఉచిత సలహాలన్నీ ఈ లక్షణ మీదనే నడుస్తున్నాయి.

ద్వైతులైన మధ్వమతస్థులు దీనిని ఒప్పుకోరు. వారు చెప్పే అయిదు భేదాలలో జీవునికీ జీవునికీ మధ్య ఉన్న భేదం ఒకటి, అది శాశ్వతం. పై అంతస్తు జీవుడు కింది అంతస్తు జీవుడు కావడం ఏ కాలంలోనూ పొసగదు గనుక ఆ షరతు ఎన్నటికీ నెరవేరదు, స్కూటరు అమ్ముడుపోదు. అమెరికా తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1973లో వెలువరించిన ‘కౌంటర్‌ఫ్యాక్చువల్స్’ అనే గ్రంథాన్ని ఇక్కడ సాయం తెచ్చుకోవచ్చు. షరతు నెరవేరిన ఊహాలోకాలలో మన లోకానికి అతి దగ్గరగా ఉన్నవాటిలో ఫలం కూడా నెరవేరితే ఆ వాక్యం నిజమని, షరతు నెరవేరే లోకమే అసలు లేకపోతే వాక్యం ఊరికే నిజమైపోతుందని ఆయన సిద్ధాంతం. దీనిని ద్వైతానికి జోడిస్తే ‘నేను నీవైతే అమ్ముతాను’ అన్నదీ నిజమే, ‘నేను నీవైతే చచ్చినా అమ్మను’ అన్నదీ నిజమే అవుతాయి. ఉచిత సలహా విలువను ఇంత కచ్చితంగా తేల్చిన సిద్ధాంతం మరొకటి దొరకడం కష్టం.

మొదటి ‘ఐ’, రెండవ ‘ఐ’ ఒకరేనా అన్నది మరొక శంక. ‘ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్ హేట్ మి’ అంటే నీ స్థానంలో ఉన్న నేను ఇక్కడున్న ఈ నన్ను ద్వేషిస్తానని, ‘మి’ బదులు ‘మైసెల్ఫ్’ అంటే ఆ స్థానంలో ఉన్నవాడు తనను తానే ద్వేషిస్తాడని అర్థం మారుతుంది. ఒకే వాక్యంలో ఇద్దరు ‘నేను’లు ఉండగలరనడానికి ఇది సాక్ష్యం, జార్జ్ లేకాఫ్ వంటి భాషాశాస్త్రవేత్తలు ఈ జాతి వాక్యాల మీద గంభీరమైన చర్చే చేశారు. కాబట్టి రెండవ ‘ఐ’ అమ్మితే వచ్చే సొమ్ము ఆ రెండవ ‘ఐ’కే చెందుతుంది, అంటే స్కూటరు యజమానికి, వక్తకు కమీషను రాదు.

న్యాయదర్శనం ఈ వాక్యాన్ని ఎక్కడ ఉంచుతుందన్నది మూడవ శంక. తెలుగువాడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చూపని జ్ఞానాన్ని అయథార్థానుభవం అని పిలిచి, సంశయం, విపర్యయం, తర్కం అని దానిని మూడు విధాలుగా విభజించాడు. నిప్పే లేకపోయి ఉంటే పొగ కూడా ఉండేది కాదని, లేనిదాన్ని ఆరోపించి మరొక లేనిదాన్ని సాధించడం తర్కం. తర్కం మీద గ్రంథం రాసినవాడే దానిని అయథార్థం కింద చేర్చడంలో ఒక నిజాయితీ ఉంది. షరతు తప్పని తెలిసే దానిని ఎక్కించుకుంటున్నాం గనుక, ఉపయోగపడినంత మాత్రాన అది యథార్థం కాదు. ఇక అలంకారశాస్త్రానికి వస్తే, అప్పయ్య దీక్షితులు కువలయానందంలో ఇలా ఉన్నట్లయితే అని ఊహించి మరొకదానిని సాధించే పద్ధతిని సంభావన అనే అలంకారంగా చెప్పాడు. ఆ లెక్కన పార్కింగులోని పెద్దమనిషి పలికింది సాలంకారమైన వాక్యమే, సంభావన పుచ్చుకోకుండా పలికాడన్నదే లోటు.

నిర్ణయం

ఈ వాక్యంలో విధి లేదు, అంటే అమ్ముమన్న ఆజ్ఞ లేదు. షరతు భాగం కల్పన, ఫలభాగం దానిమీద ఆధారపడినది, రెండు చోట్లా కర్త ‘నేను’. ‘ఇఫ్ ఐ వర్ యూ’ను అధ్యాహారంగా విడిచి, అనగా పైకి చెప్పక మనసులో ఉంచుకుని, ‘ఐ వుడ్ సెల్ దట్ స్కూటర్’ అని మాత్రమే పలికినా స్థితి ఇదే. కనుక ఈ మాట విని స్కూటరును అయినకాడికి అమ్ముకుని, మర్నాటి నుంచి బస్సుస్టాపులో నిలబడిన గృహస్థు పై అంతస్తుకు వెళ్ళి ‘మీరు అమ్మమన్నారు గదండీ’ అని నిలదీస్తే వ్యాకరణం అతని పక్షాన నిలవదు. అమ్మమని ఎవరూ అనలేదు.